చెదలు తిన్న ఎడమ సగం

మందులిచ్చే కిటికీలోంచి పళ్ళెం వచ్చినప్పుడల్లా పోశం ఒకే మాట అనేవాడు.

"జైల్ల గూడ గిట్లనే పెడ్తరట, బీబమ్మా."

గోడ అవతల జరీనాబీ నవ్వేది. "జైల్ల చుక్కకూర పప్పు పెడ్తరా పోశం భాయ్? నెయ్యేసి?"

"నెయ్యి ఎయ్యరు."

"మరి తిను. సల్లగైతది."

కోరుట్లలో ఆ గది ఒకప్పటి దవాఖాన. జరీనాబీ మామగారు అక్కడే కూర్చుని, జ్వరమని వచ్చినవాళ్ళకూ కడుపునొప్పి అని వచ్చినవాళ్ళకూ మందు కలిపి ఇచ్చేవాడు. ఇంటికీ ఆ గదికీ మధ్య గోడలో పళ్ళెం పట్టేంత కిటికీ ఉంది. లోపల మందు నూరి ఆ కిటికీలోంచే అందించేవారట. ఆయన పోయాక గది మూతపడింది. ఇప్పుడు అందులో పోశం ఉంటున్నాడు. ఆయన కోసం జరీనాబీ ఒక కొత్త పళ్ళెం, రెండు గిన్నెలు, ఒక చెంబు వేరుగా కొని పెట్టింది. తమ ఇంట్లో వండే మాంసం ఆ గిన్నెలకు ఎన్నడూ తగలనివ్వలేదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు. గిన్నెల అడుగున ఇంకా పోని అంగడి చీటీ చూసి పోశమే తెలుసుకున్నాడు.

పోశంది సిరిసిల్ల. పద్మశాలి. వయసు అరవై దాటింది. పడుచుతనంలో ఆయన పని గళ్ల కాగితం మీద. చీర అంచుకు నెమలి కావాలన్నా మామిడిపిందె కావాలన్నా, ముందు ఎవరో ఒకరు గడిగడికీ రంగు నింపి బొమ్మ రాయాలి. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఏ పోగు లేవాలో ఏ పోగు ఆగాలో మగ్గానికి ఆ అట్టలు చెబుతాయి. గ్రాఫ్ పోశం అంటే తెలియనివారు ఆ వాడలో లేరు. తర్వాత ఆ పని కంప్యూటర్ చేతికి పోయింది. పోశం ఇంట్లో మరమగ్గాలు వేసుకున్నాడు. ముందు గదిలో మగ్గాలు, వెనుక గదిలో పొయ్యి, మంచాలు. నూలు దుమ్ము అన్నంలో పడేది, పక్కల మీద పడేది, మార్కండేయుడి పటం మీద పడేది. భార్య శాంత పొద్దున లేచి పటం తుడిచేది. మనిషి లోపలికి పోయిన దుమ్మును తుడిచేవారు ఎవరు?

జగిత్యాల దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ తీయించి చూశాడు. ఎప్పుడో వచ్చి మానిన టీబీ ఒకటి, ఇన్నేళ్ల దుమ్ము ఒకటి కలిసి ఎడమ ఊపిరితిత్తి చాలామట్టుకు గట్టిపడిపోయిందన్నాడు. మందులు రాసి, "మగ్గాలున్న ఇంట్ల ఉండొద్దు పెద్దాయనా" అన్నాడు.

"మా ఇంట్ల మగ్గాలు లేవు సారూ," అన్నాడు పోశం. "మగ్గాల్లనే మా ఇల్లున్నది."

కొడుకు రమేశ్ ఆ వాడంతా గది కోసం వెతికాడు. ఏ గదికి పోయినా గోడ అవతల మగ్గమే. అప్పుడు జరీనాబీ కబురు పంపింది. ఆమె భర్త మునావర్ బతికినన్నాళ్ళు సిరిసిల్ల నుంచి బట్ట తెచ్చి కోరుట్లలో అమ్మేవాడు. పోశం రాసిన అంచులంటే ప్రాణం పెట్టేవాడు. "దవాఖాన ఖాళీగనే ఉన్నది. పోశం భాయ్‌ని తోలియ్యి బేటా," అన్నది రమేశ్‌తో. "కిరాయి మాట ఎత్తకు. మా మామగారి బొమ్మ ఒకటి ఉన్నది. చెదలు తిన్నది. దాన్ని కొత్తగ రాసిస్తే చాలు."

ఆ బొమ్మ గోడకు వేలాడే గుడ్డ పటం. మామగారు చదువుకునే రోజుల్లో హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నదట. అందులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చర్మం లేదు. ఛాతీ, పొట్ట తలుపులు తెరిచినట్టు తెరిచి ఉన్నాయి. లోపల ఎర్రనివి, నీలివి, ఊదా రంగువి కనిపిస్తాయి. చుట్టూ ఉర్దూలో పేర్లు. అయినా ఆ మనిషి ముఖంలో బాధ లేదు. సాయంత్రం చేను చూడబోయినవాడిలా ఒక చెయ్యి చాపి నిలబడ్డాడు. వెనుక గుట్టలు, ఈతచెట్లు, ఒక వాగు.

పోశం మొదటిరోజు దాన్ని చాలాసేపు చూశాడు. "లోపల గింత ఉన్నది. ఇంక వెనుక చెట్లెందుకు బీబమ్మా?"

"చూసెటోళ్ళు భయపడొద్దని కావచ్చు," అన్నది జరీనాబీ. ఆమె మాత్రం నమాజుకు ముందు కిటికీలోంచి తన పాత దుపట్టా అందించి, "జర ఆయన మీద కప్పు" అనేది. బొమ్మ ముఖం గోడ మీద అట్లా తెరిచి ఉంటే ఆమెకు మనసు నిలిచేది కాదు. నమాజు అయ్యాక దుపట్టా మళ్ళీ కిటికీలోంచి వెనక్కి పోయేది.

చెదలు ఆ మనిషి ఎడమ సగాన్ని తిన్నాయి. తల నిండుగా ఉంది. మెడ కింది నుంచి కుడి సగమే మిగిలింది. ఎడమ వైపు గుడ్డ జల్లెడ అయిపోయింది. గుట్టలూ వాగూ కూడా ఒక పక్కే మిగిలాయి.

పోశం గదిలో పటానికి తోడు ఒక మంచం, ఒక కుర్చీ, ఊచల కిటికీ ఉండేవి. ఊచల్లోంచి ఎదురింటి వెనుక గోడ కనిపించేది. ఇంకేమీ కనిపించేది కాదు. నాలుగడుగులు నడిస్తే గది అయిపోయేది. బయటికి పోవద్దని ఎవరూ అనలేదు. కానీ ఎక్కడికి పోతాడు? రోడ్డు ఎక్కితే దుమ్ము, దుమ్ము తగిలితే దగ్గు, దగ్గు మొదలైతే ఎవరి అరుగు మీదనో కూలబడాలి. ఒకసారి అట్లా కూలబడితే చాయ్ బండి ఆయన బండి వదిలేసి వచ్చి, భుజం పట్టుకుని గది దాకా దించిపోయాడు. తర్వాత రోజూ పొద్దున తానే చాయ్ పట్టుకొచ్చి గుమ్మంలో పెట్టి పోతున్నాడు. మంచివాడే. ఆ మంచితనంతో, బయటికి పోవడానికి మిగిలిన ఒక్క సాకు కూడా పోయింది.

ఇక ఆయన ప్రాణమంతా ఫోనులో. శాంత నూలు చుట్టే కండెల మిషన్ మీద కూర్చుంటుంది. మగ్గాలు నడుస్తుంటే ఆమెకు లేవడానికి ఉండదు. లేచినా ఆ చప్పుడులో మాట వినబడదు. అందుకే సిరిసిల్లలో కరెంటు పోయినప్పుడే వాళ్ళకు మాట. ఈ మధ్య కరెంటు పోవడం తగ్గింది. ఊరంతా సంతోషపడుతుంటే, పోశం ఒక్కడే వేములవాడ రాజన్నకు దండం పెట్టి, "జరసేపు తియ్యి తండ్రీ" అని మొక్కుకునేవాడు.

రాజన్న విన్న రోజున ఫోను మోగేది.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"ఇంక లేదు. దగ్గున్నదా?"

"తగ్గింది." ఆ మాట అంటుంటేనే దగ్గు వచ్చేది.

"గిదేనా తగ్గుడు? ఎప్పుడొస్తవ్ మరి?"

"బొమ్మ అయిపోంగనే అస్త."

అంతలో కరెంటు వచ్చేది. మగ్గాలు ఒక్కసారిగా అందుకునేవి. ఆ చప్పుడులో శాంత ఇంకేదో అనేది. ఆయనకు వినబడేది కాదు. పెట్టెయ్యకుండా చెవికి ఆనించుకుని మగ్గాల చప్పుడు వింటూ కూర్చునేవాడు.

బొమ్మ అయిపోగానే పోవాలన్నది ఆయన మనసులో గట్టిగా పడిపోయింది. డాక్టరు మాట మరిచిపోలేదు. ఆయన లెక్క ఆయనకుంది. రెండు ఊపిరితిత్తుల్లో ఒకటి పోయింది. అంటే సగం మనిషి పోయాడు. మిగిలిన సగాన్ని ఈ గదిలో దాచుకుని ఏం చేయాలి? ఇంటికి పోయి, శాంత పక్కన కండెలు అందిస్తూ, ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. బొమ్మ మీద మాత్రం పొద్దున్నుంచి వంగేవాడు.

తొందరలో ఆయన చేతికి తెలిసిన దారినే పోయింది. చీర అంచు రాసేవాడు పువ్వును మొత్తం రాయడు. సగం రాస్తాడు. పలుచని కాగితం మీద దించి, కాగితం తిప్పి, వెనుక నుంచి గోటితో రుద్దుతాడు. రెండో సగం తానే వస్తుంది. నెమలికి నెమలి ఎదురుగా నిలబడుతుంది. ఆ పనిలో ఇన్నేళ్ళూ ఒక్క తప్పు పోలేదు. పోశం చిల్లులు పడ్డ పక్కకు కొత్త గుడ్డ అతికించి, మనిషి కుడి సగాన్ని కాగితం మీద దించాడు. కాగితం తిప్పాడు. గోటితో రుద్దాడు. చెదలు తిన్న సగం కళ్ళముందే నిండింది. గుట్టకు గుట్ట, ఈతచెట్టుకు ఈతచెట్టు. రంగులు నింపి, శుభ్రంగా చేతులు కడుక్కుని, బట్టలు సంచిలో సర్దుకున్నాడు.

"బీబమ్మా, అయిపోయింది. రేపు పొద్దున బస్సుకు పోత."

జరీనాబీ గదిలోకి వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. చూసి, దగ్గరికి పోయి మళ్ళీ చూసింది.

"మంచిగుంది పోశం భాయ్. బహుత్ అచ్ఛా. కానీ గీ పక్క ఉర్దూ అక్షరాలు ఎటో తిరిగినయి. అద్దంల చదువుకోవాల్నా ఏంది?"

పోశంకు ఉర్దూ రాదు. అక్షరాలు కూడా ఆయనకు తీగలే. తీగను తిప్పినట్టే తిప్పాడు. "గదెంత సేపు, సరిజేస్త," అన్నాడు. కానీ ఆమె అప్పటికే మనవరాలిని పిలిచింది. సిద్రా జగిత్యాలలో నర్సింగ్ చదువుతోంది. శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చి ఉంది. ఈ పటాన్ని వాళ్ళ కాలేజీ గోడకు పెట్టుకుంటామని ఆమె టీచర్లు అడిగారు.

సిద్రా వచ్చి బొమ్మ ముందు నిలబడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

"తాతా! గీయనకు రెండు కార్జాలున్నయి, రెండు లివర్లు. కడుపే లేదు. తిన్నది ఎటు పోవాలె?"

పోశం బొమ్మ దగ్గరికి వంగి చూశాడు. "మా పద్మశాలోళ్ళకు కడుపు లేకుంటేనే నయం గద బిడ్డా."

ముగ్గురూ నవ్వారు. ముందుగా నవ్వు ఆగింది పోశంకే. "మరి? మనిషి రెండు దిక్కుల ఒకటే గద? రెండు కండ్లు, రెండు చెవులు, రెండు చేతులు."

"బయట తాతా. లోపల కాదు. ఎడమ దిక్కు కుడి లెక్క ఉండదు. గుండె సూడు, తామర మొగ్గ లెక్క చేసినవ్. ముద్దుగనే ఉన్నది గని గుండె గట్లుండదు. గీ సగం మొత్తం మళ్ళ రాయాలె."

మొత్తం మళ్ళీ. పోశం మంచం మీద కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర సర్దిన సంచి. ఊచల అవతల అదే గోడ. ఛాతీ మీద ఎవరో కాలు పెట్టి నిలబడ్డట్టు ఊపిరి ఆడలేదు. ఆ ఊపిరాడకపోవడం జబ్బుది ఎంతో, గదిది ఎంతో ఆయనకే తెలియలేదు.

"దేవుడు గట్లెందుకు జేసిండు?" అన్నాడు కోపంగా. "రెండు దిక్కుల ఒకటే చేస్తె ఆయన సొమ్మేం పోయింది?"

జరీనాబీ "తౌబా తౌబా" అంటూనే లోపలికి పోయి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

సిద్రా గోడకు తగిలించిన పెద్ద కవరు చూసింది. అందులో పోశం ఫిల్మ్ ఉంది. అడిగి తీసుకుని ఊచల కిటికీకి ఆనించి పట్టుకుంది. సాయంత్రపు ఎండ వెనుక నుంచి పడింది. ఇన్నాళ్ళూ దాన్ని కవరులోనే మోసుకు తిరిగాడు గానీ, పోశం ఎన్నడూ తీసి చూడలేదు.

"గిది నీ బొమ్మనే తాతా. గీ తెల్లగ ఉన్నది గుండె. నడిమిట్ల లేదు సూడు, ఎడమ దిక్కుకు ఒరిగింది. గుండెకు జాగ కావాలె గద, అందుకే ఎడమ ఊపిరితిత్తి జర పక్కకు జరిగి ఇచ్చింది. అది శిన్నగుంటది. రెండే భాగాలు. కుడి దానికి మూడు."

"జరిగి ఇచ్చింది?"

"మరి. బస్సుల ముసలోళ్ళు ఎక్కితె జరగమా? గట్ల."

పోశం లేచి ఫిల్మ్ దగ్గరికి వచ్చాడు. ఎడమ వైపు పైన పొగ పట్టినట్టు తెల్లటి మచ్చలు. అది ఆయనకు చెప్పనక్కర్లేదు. కుడి వైపు నల్లగా, పైనుంచి కింది దాకా శుభ్రంగా ఉంది.

"గిది?"

"అది మంచిగున్నది. పెద్దది గదే. డాక్టరు సారు గందుకే గట్టిగ చెప్పిండు, దుమ్ముల ఉండకని. సగం పోయిందనుకుంటవేమో, సగం పోలేదు తాతా నీది. తక్కువ పోయింది, ఎక్కువున్నది. ఇంటికి పోతె మటుకు గిది గూడ గట్లనే అయితది."

ఆమె మెల్లగా చెప్పింది గానీ, దాచి చెప్పలేదు. పోశం ఆ నల్లటి భాగం మీద వేలు పెట్టాడు. ఎన్నాళ్ళుగానో ఒంటరిగా పని చేస్తున్న దాన్ని తాకినట్టు తాకాడు. ఆ రాత్రి సంచిలో బట్టలు మళ్ళీ దండెం మీదికి ఎక్కాయి.

సిద్రా తన చదువు పుస్తకం ఇచ్చి పోయింది. ఈసారి పోశం ఎడమ పక్కకు వేరే గుడ్డ వేసుకున్నాడు, కాగితం తిప్పలేదు. కడుపు రాశాడు. ప్లీహం రాశాడు. గుండె కొన ఎడమకు వంచాడు. ఎడమ ఊపిరితిత్తి అంచు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ చిన్న వంపు ఉంది, గుండెకు చోటిచ్చిన వంపు. దాన్ని రాసి తుడిచాడు, రాసి తుడిచాడు. ఒక పొద్దంతా ఆ ఒక్క వంపు మీదనే పోయింది. లోకంలో ఎవరూ చూడని చోట, చెప్పకుండా జరిగి కూర్చున్నదాన్ని తేలిగ్గా గీయబుద్ధి కాలేదు.

మరుసటి శుక్రవారం సిద్రా చూసి తల ఊపింది.

"లోపలిది అయిపోయింది తాతా. వెనుక చెట్లేవి?"

"పుస్తకంల చెట్లు లేవు బిడ్డా."

"లోపలిది పుస్తకం చెప్పినట్టు. బయటిది నీ ఇష్టం. ఆ పాతాయన గూడ వాళ్ళ ఊరి చెట్లే రాసుకున్నడు కావచ్చు."

కరెంటు పోయినప్పుడు శాంత మళ్ళీ అడిగింది. "ఎప్పుడొస్తవ్?"

పోశం చెప్పేశాడు. "నేను రాను శాంతా. ఇంట్ల మగ్గాలున్నన్ని దినాలు రాను. వస్తె మిగిలింది గూడ పోతది."

మగ్గాలు ఆగిన ఇంట్లో శాంత ఊపిరి వినబడింది. తర్వాత ఆమె, "గా మాట ముందే చెప్తే ఏమైతుండె? నీ కంచం రోజు కడిగి పెడ్తున్న," అన్నది. కరెంటు వచ్చింది.

నూలు రాకపోవడంతో కొన్నాళ్ళకు సిరిసిల్లలో వాళ్ళ మగ్గాలు ఆగాయి. ఇంటికి అది కష్టం. రమేశ్ నూలు కోసం తిరుగుతున్నాడు. ఆ కష్టంలోనే శాంతకు బస్సు ఎక్కడానికి వీలు దొరికింది. వేములవాడ మీదుగా వచ్చింది. రాజన్న గుడి గోపురానికి బస్సులోంచే దండం పెట్టుకుంది. టిఫిను డబ్బాలో బియ్యప్పిండి సర్వప్పలు, జరీనాబీకి వేరుగా కట్టిన మూట.

గదిలోకి రాగానే శాంత చుట్టూ చూసింది. పోశంను చూసింది. "మంచిగనే తింటున్నవ్. బుగ్గలొచ్చినయి," అన్నది. అంతే, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కిటికీ అవతల నుంచి జరీనాబీ, "శాంతమ్మా, నీ పెనిమిటిని జైల్ల పెట్టిన్నట. ఇడిపిచ్చుకపోతందుకు అచ్చినవా?" అన్నది.

"ఉండనియ్యి అక్కా. ఇంట్ల ఉన్నప్పుడు ఎన్నడన్న గింత పనిజేసిండా?"

అప్పుడు పటం చూసింది శాంత. చర్మం లేని మనిషిని చూసి జడిసింది. తర్వాత చూపు వెనుకకు పోయింది. కుడి వైపు పాత గుట్టలు, ఈతచెట్లు. ఎడమ వైపు వాగు మానేరు అయింది. ఒడ్డున పెంకుటిల్లు. ఇంటి ముందు కండెల మిషన్. దాని ముందు ఒక ఆడమనిషి వీపు, ముడి, ఆకుపచ్చ చీర. చీర అంచు మాత్రం గింజంత చోటులో కూడా తీర్చి రాసి ఉంది.

శాంత ఆ అంచును గుర్తుపట్టింది. "గిది నేనే గద? ముఖం లేదేంది?"

"బీబమ్మ ఇంట్ల కొత్త ముఖాలు రాయొద్దు."

"ఆయన ముఖమున్నది గద?"

"ఆయన పాతోడు, ఆయన చల్తా," అన్నది గోడ అవతలి గొంతు.

పోశం గొంతు తగ్గించాడు. "నీ ముఖం రాయరాదే నాకు. అంచులే రాసిన బతుకంత."

గది చిన్నది. కుర్చీ మీద రంగు డబ్బాలున్నాయి. పోశం మంచం మీద పక్కకు జరిగాడు. ఆమె కూర్చున్నది. ఇద్దరూ సర్వప్పలు తిన్నారు. ఆయన దగ్గినప్పుడు ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఎడమ వైపా కుడి వైపా అని అడిగి, కుడి వైపు నిమిరింది.

మధ్యాహ్నం తిరగక ముందే రమేశ్ ఫోన్ చేశాడు. నూలు వచ్చింది. సాయంత్రానికి మగ్గాలు నడవాలి. శాంత లేచి టిఫిను కడిగి పెట్టుకుంది. గుమ్మం దాకా వచ్చిన పోశంను రోడ్డు మీదికి రానివ్వలేదు. "దుమ్మున్నది, లోపలికి పో," అన్నది. చాయ్ బండి ఆయన ఆమెను బస్టాండు దాకా దించడానికి తన బైకు తీశాడు.

మరునాడు కాలేజీవాళ్ళు వచ్చి పటం చుట్టుకుని జగిత్యాల తీసుకుపోయారు. గోడ మీద తెల్లటి చోటు మిగిలింది. రాసివ్వాల్సిన బొమ్మ అయిపోయింది. గది ఇచ్చింది ఆ బొమ్మకే కదా. పోశం మంచం మీద కూర్చుని ఎటు పోవాలో ఆలోచించాడు. మేడిపల్లిలో దూరపు చుట్టం ఉన్నాడు. ఎన్నాళ్ళు ఉండనిస్తాడు? అన్నం వేళ దాటింది. కిటికీ తెరుచుకుంది. పళ్ళేనికి ముందు ఒక పొడుగాటి గుడ్డ చుట్ట అడ్డంగా లోపలికి వచ్చింది.

"అటుక మీద ఇంకోటి దొరికింది పోశం భాయ్. దీన్ని గూడ చెదలు తిన్నయి. తొందరేం లేదు. ముందు తిను."

అటుక మీద అది ఎన్నాళ్ళుగా ఉందో, ఆమెకు ఎప్పుడు తెలుసో దేవుడికి ఎరుక. పోశం ముక్కుకు గుడ్డ కట్టుకుని చుట్ట విప్పాడు. అదే మనిషి, ఈసారి వెనుక నుంచి. వీపు మీద ఎర్రటి కండలు విసనకర్రల్లా విచ్చుకుని ఉన్నాయి. ఆయన చూపు ఇప్పుడు గుట్టల వైపు. పోవాలని నిలబడ్డట్టున్నాడు, అడుగు మాత్రం పడలేదు. సగం వీపు చెదల పాలైంది.

పోశం సిద్రాకు ఫోన్ చేశాడు. "బిడ్డా, వీపన్న రెండు దిక్కుల ఒకటేనా?"

"వీపు ఒకటే తాతా, చాలామటుకు. నీ కాగితం తిప్పుకోవచ్చు. జల్ది అయిపోతది."

పోశం ఊచల అవతలి గోడ వైపు చూశాడు. పళ్ళెంలో అన్నం ఆవిర్లు కక్కుతోంది.

"వద్దు తియ్యి," అన్నాడు. "తిప్పకుంటనే రాస్త."